ఆయన డ్యూటీ ఒక దిక్కు, నర్సింగ్ కాలేజీ ఇంకో దిక్కు: వరంగల్‌ల ఇల్లు ఏడ తీస్కోవాలె? తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లయినంక నర్సింగ్ చదివేటోళ్లు మన దిక్కు ఇప్పుడు మస్తు మంది ఉన్నరు. నేను గూడ గట్లనే చదివిన, ఇప్పుడు స్టాఫ్ నర్సుగ చేస్తున్న, మా ఆయనది రోజూ రైలు మీద పోయొచ్చే ఉద్యోగం. అందుకే చుట్టాలు గానీ వార్డుల పోస్టింగ్‌కి, అంటే దవాఖానల పని నేర్చుకునేటందుకు వచ్చే నర్సింగ్ పిల్లలు గానీ ఇల్లు సంగతి వచ్చిందంటే నన్నే అడుగుతరు, అడిగిందే అడుగుతరు, ఇగ అన్నీ ఒక్క దగ్గర రాసి పెడితే అయిపోతది అని రాస్తున్న. వరంగల్ అని నేనంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిపే అంటున్న.

అక్కా, ఇద్దరికీ మధ్యల ఇల్లు చూస్కుంటే అయిపోదా?

అందరికీ ఫస్ట్ వచ్చే ఆలోచన ఇదే, ఇద్దరికీ సమానంగ ఉంటది ఎవరికీ బాధ ఉండదు అనుకుంటరు. నేను మాత్రం వద్దనే చెప్తా. ఆయనది జనగామల డ్యూటీ, మీ పోస్టింగ్ వరంగల్ పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంల అనుకోండి, లెక్క ప్రకారం మధ్యల స్టేషన్ ఘన్‌పూర్ వస్తది. అక్కడ ఉంటే ఆయనకి పెద్దగ కలిసొచ్చేది ఏం లేదు, రైలు ఎట్లైనా ఎక్కాల్సిందే, ఎక్కినంక ఇరవై నిమిషాలు తక్కువ కూసుంటడు అంతే. మీకైతే పొద్దుగాల డ్యూటీకి చీకట్ల బస్సు పట్టాలె, మాపటి డ్యూటీ అయినంక తొమ్మిదింటికి హన్మకొండ బస్టాండ్ల నిలబడాలె. ఇద్దరూ తిరుగుడే అయితది, ఇంట్ల ఉండేది ఎవరు?

ఇంకోటి, ఆఫీసుకి పది నిమిషాలు లేటైతే మాట పడతరు, మహా అంటే సగం రోజు లీవు పోతది. నర్సింగ్‌ల అట్ల కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం పరీక్షకి కూసోవాలంటే ప్రతి సబ్జెక్టుల 80 శాతం హాజరు ఉండాలె, ప్రాక్టికల్స్‌ది అయితే డిగ్రీ చేతికొచ్చే లోపు 100 శాతం నింపాలె. వంద అంటే వందే. ఇయాల బస్సు దొరకక పోస్టింగ్ పోతే ఆ గంటలు మళ్ల ఎప్పుడో సెలవులల్ల కట్టాలె, జ్వరమొచ్చి పోయినా అంతే. కాబట్టి ఎవరి టైము వంగదో వాళ్ల దగ్గర ఇల్లు తీస్కోండి, ఎవరిది కొంచెం వంగుతదో వాళ్లు తిరుగుతరు. చదివే మూడు నాలుగేండ్లు వంగనిది మీ టైమే. కోర్సు అయినంక మీ ఉద్యోగం ఏడనో చూసి అప్పుడు మళ్ల మార్చుకోవచ్చు.

కాలేజీ దగ్గర ఉండాలా, దవాఖాన దగ్గర ఉండాలా?

దవాఖాన దగ్గర. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాది సగం తేలిపోతది.

కాలేజీకి సొంతంగ 100 పడకల దవాఖాన ఉండాలె అని రూల్ ఉంది, అది కాకుండ వేరే దవాఖానలతోటి గూడ ఒప్పందం పెట్టుకుంటరు, ఆ దవాఖానలు మామూలుగ 15 నుంచి 30 కిలోమీటర్ల లోపు ఉండాలె అంటరు. అంటే ఏంది, కాలేజీ బిల్డింగు ఊరవతల బైపాస్ మీద ఉండొచ్చు, మీరు రోజూ నిలబడి పనిచేసే వార్డు ఊరి నడుమల ఉండొచ్చు. చాలా మంది కాలేజీ గేటు చూసి దాని పక్కకే రూము తీస్కుంటరు, సెకండియర్ వచ్చేసరికి వారంల ఎక్కువ రోజులు దవాఖానలనే.

మన దగ్గర పోస్టింగులు ఎట్ల పడతయంటే, పెద్ద దవాఖాన ఎంజీఎం, మెడికల్, సర్జికల్, పిల్లల వార్డు, క్యాజువాలిటీ అన్నీ అండ్లనే. కాన్పుల పోస్టింగ్ అయితే వరంగల్ మట్టెవాడల సీకేఎం, లేకుంటే హన్మకొండల సర్కారు ప్రసూతి దవాఖాన. ప్రైవేటు కాలేజీలు బాలసముద్రం, నక్కలగుట్ట, హంటర్ రోడ్డు దిక్కున్న దవాఖానలకి గూడ పంపుతయి. కమ్యూనిటీ పోస్టింగ్ అని పీహెచ్‌సీలకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి), పల్లెలకి పంపుతరు, దానికి కాలేజీ బస్సు ఉంటది. సైకియాట్రీకి ఎక్కువ శాతం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక రోగుల దవాఖానకే పోవాలె, ఆ కొన్ని వారాలు అక్కడే ఉండుడు, దానికి ఏ ఇల్లు తీస్కున్నా లాభం లేదు, ఆయన వంట ఆయన చేసుకోవాల్సిందే.

జాయిన్ అయ్యే ముందు ఆఫీసుల అడిగితే అన్నీ దగ్గరనే అమ్మా అంటరు. థర్డ్ ఇయర్ పిల్లలని పట్టుకోండి, క్యాంటీన్ల కూసోబెట్టి చాయ్ తాపించండి, ఏ సెమిస్టర్ల ఏ దవాఖాన, బస్సు కాలేజీ నుంచి తీస్కపోతదా లేకుంటే డైరెక్టుగ దవాఖానకి రమ్మంటరా, లేటైతే ఏం చేస్తరు, అన్నీ చెప్తరు. బస్సు ఎక్కాలంటే ముందు కాలేజీకి పోవాల్సిందే అనే కాలేజీ అయితే నేను పైన చెప్పింది కొంచెం మారుతది, అప్పుడు ఆ బస్సు పోయే దారిల ఎక్కడైనా ఎక్కనిస్తరా అడిగి ఆ రోడ్డు మీద ఇల్లు చూస్కోండి.

డ్యూటీ టైములు ఎట్లుంటయి? మా అత్తమ్మకి చెప్పాలె.

చాలా దవాఖానలల్ల పొద్దుగాల 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, నైట్ అయితే రాత్రి 8 నుంచి పొద్దుగాల 8. స్టూడెంట్లకి మొదట్ల ఎక్కువ మార్నింగే పడతది, పోను పోను మిగతావి గూడ వస్తయి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేండ్లు, ఎనిమిది సెమిస్టర్లు, వారానికి 40 గంటల లెక్కన నడుస్తది, ఆఖరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, 22 వారాలు వారానికి 48 గంటలు. జీఎన్ఎం అంటే నర్సింగ్ డిప్లొమా, అది మూడేండ్లు, దాంట్ల గూడ చివరికి ఇంటర్న్‌షిప్ ఉంటది. అత్తమ్మకి చెప్పేటప్పుడు కాలేజీకి పోతున్న అనకండి, డ్యూటీకి పోతున్న అని చెప్పండి, కాలేజీ అంటే నాలుగింటికి ఇంటికొచ్చి రొట్టెలు చేస్తదని అనుకుంటరు.

ఏ ఏరియాల చూడాలె? పేర్లు చెప్పండి.

పోస్టింగ్ ఎంజీఎం, సీకేఎం దిక్కు అయితే పోచమ్మ మైదాన్, దేశాయిపేట, మట్టెవాడ, గిర్మాజీపేట, ములుగు రోడ్డు చుట్టుపక్కల చూడండి. పాత ఇండ్లు ఎక్కువ, సందులు ఇరుకు, కారు పట్టదు, కానీ నడిచిపోయేటంత దగ్గర. నైట్ డ్యూటీ దిగినంక నడిచి పోయి పది నిమిషాలల్ల మంచం మీద పడుడు అంటే ఆ సుఖం ఎట్లుంటదో చేసినోళ్లకే తెలుస్తది. వరంగల్ రైల్వే స్టేషన్ గూడ దగ్గరనే, ఆయనకి రైలు ఉంటే డబుల్ లాభం. ఇప్పుడు పాత సెంట్రల్ జైలు జాగల 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ దవాఖాన కడుతున్నరు కదా, అందుకని ఓనర్లు ఇప్పటి నుంచే కిరాయి పెంచి చెప్తున్నరు, గట్టిగ బేరం ఆడండి.

శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట, ఖిలా వరంగల్ దిక్కు కిరాయి తక్కువ, ఇండ్లు గూడ కొంచెం విశాలంగ ఉంటయి, మనుషులు మంచోళ్లు. కానీ ఇవి పట్టాలకి అవతల. దవాఖానకి రావాలంటే అండర్ బ్రిడ్జి దాటాలె, గట్టి వాన పడ్డదంటే బ్రిడ్జి కింద నీళ్లు నిలబడి బండ్లు ఆగిపోతయి, వానాకాలంల పొద్దుగాల డ్యూటీకి అది పెద్ద తలనొప్పి.

ప్రైవేటు దవాఖానల పోస్టింగ్ అయితే హన్మకొండల సుబేదారి, కిషన్‌పుర, రాంనగర్, వడ్డేపల్లి. స్టూడెంట్లు ఎక్కువ, మెస్సులు, జిరాక్సులు, మందుల షాపులు అన్నీ ఉంటయి, రాత్రి పదింటిదాక జనం తిరుగుతరు కాబట్టి ఒంటరిగ వచ్చినా భయం ఉండదు. కిరాయి మాత్రం మూడు ఊర్లల్ల ఇక్కడే ఎక్కువ.

కాజీపేటల ఫాతిమానగర్, బాపూజీనగర్, సోమిడి ప్రశాంతంగ ఉంటయి, రైల్వే వాళ్లు, నిట్ వాళ్లు ఎక్కువ. ఆయనది మడికొండ ఐటీ పార్కుల ఉద్యోగం అయితే, మీ దవాఖాన గూడ ఆ దిక్కే అయితే ఇంక వేరే చూడొద్దు. అదే ఎంజీఎంల పోస్టింగ్ అయితే కాజీపేట నుంచి హన్మకొండ మొత్తం దాటుకొని రావాలె, పొద్దుగాల స్కూలు బస్సులతోటి ఫాతిమా బ్రిడ్జి దగ్గరనే సగం టైము పోతది.

హసన్‌పర్తి, భీమారం, గోపాల్‌పూర్, గొర్రెకుంట, ధర్మారం దిక్కు కొత్త అపార్ట్‌మెంట్లు వస్తున్నయి, ఫోటోలల్ల బాగుంటయి. నైట్ డ్యూటీ ఉన్నోళ్లకి మెయిన్ రోడ్డు మీద తప్ప లోపలికి వద్దు, ఆఖరి కిలోమీటరుకి ఆటో రాదు.

మా ఆయన రోజూ రైలు మీద పోతడు. కాజీపేట జంక్షన్ కదా, అక్కడే ఉంటే మంచిది కదా?

ఇది చాలా మంది పొరపాటు పడే జాగ. ఏ దిక్కు పోతున్నడో ముందు చూడండి.

జనగామ, భువనగిరి, సికింద్రాబాద్ దిక్కు అయితే గోల్కొండ, కృష్ణా, శాతవాహన, కాకతీయ లాంటివన్నీ విజయవాడ, భద్రాచలం రోడ్ దిక్కు నుంచి వచ్చేవే, అవి వరంగల్‌ల ఆగినంకనే కాజీపేటకి వస్తయి. వరంగల్‌ల ఎక్కితే సీటు దొరికే ఛాన్సు గూడ ఎక్కువ, పది పదిహేను నిమిషాల తేడా కోసం మీరు రోజూ ఊరంతా దాటుడు ఎందుకు. అంటే ఆయన రైలు కోసం మీరు కాజీపేటల ఉండాల్సిన పని లేదు, వరంగల్ స్టేషన్ దగ్గర ఉంటే ఎంజీఎం మీకు దగ్గర, రైలు ఆయనకి దగ్గర.

జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల దిక్కు అయితే మాత్రం కాజీపేటే కరెక్టు. భాగ్యనగర్ లాంటి బండ్లు సికింద్రాబాద్ నుంచి కాజీపేట వచ్చి అట్లనే ఉత్తరం దిక్కు తిరిగిపోతయి, వరంగల్ మొఖం చూడయి. అప్పుడు మీరు మధ్యల రాజీ పడాలె, హన్మకొండ అదాలత్, సుబేదారి దిక్కు ఉంటే ఇద్దరికీ నడుస్తది. మధ్యల ఇల్లు వద్దన్న కదా, ఊర్ల లోపట పర్వాలేదు, ఊరికీ ఊరికీ మధ్యల వద్దు అని.

నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ దిక్కు అయితే వరంగల్ స్టేషనే, ఆలోచించేది ఏం లేదు.

పాసు సంగతి: నెల పాసు ఎంఎస్టీ 150 కిలోమీటర్ల దాక ఇస్తరు, కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 132 కిలోమీటర్లు, వరంగల్ నుంచి 142 దాక ఉంటది, రెండూ పాసు లోపలికే వస్తయి. సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే దానికి వేరేగ సర్‌చార్జ్ కట్టించుకోవాలె, రిజర్వేషన్ బోగీల కూసుంటే ఫైన్ వేస్తరు, వందేభారత్‌ల అసలు నడవదు. అయినా నెలకి వందల్లనే అయిపోతది, బస్సుతోటి పోలిస్తే ఏం లేనట్టే.

హైదరాబాద్‌కి రోజూ పోయొచ్చుడు అయితదా?

చేసేటోళ్లు ఉన్నరు, కాజీపేట ప్లాట్‌ఫాం మీద పొద్దుగాల చూడండి, టిఫిన్ డబ్బాలు పట్టుకొని ఒకళ్లకొకళ్లు జాగ పట్టుకునే బ్యాచ్ ఉంటది. ఒక్క దిక్కు రైలే రెండు గంటలు, స్టేషన్ నుంచి ఆఫీసుకి ఇంకో ముప్పావు గంట, ఆఫీసు హైటెక్ సిటీ దిక్కయితే ఇంకా ఎక్కువ. సికింద్రాబాద్, తార్నాక, ఉప్పల్ దిక్కు ఆఫీసైతే ఎట్లనో ఒకట్ల గుంజొచ్చు. గచ్చిబౌలి అయితే వద్దు, అక్కడ షేరింగ్ రూము తీస్కొని శనివారం రమ్మనండి. ఇంట్ల వాళ్లు ఏమనుకుంటరో అని రోజూ తిరిగి తిరిగి బీపీ తెచ్చుకున్నోళ్లని వార్డుల చూస్తున్న కాబట్టి చెప్తున్న. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసు అయితే మాత్రం మంచిగ నడుస్తది, ఆ రోజులు మీ మార్నింగ్ డ్యూటీ రోజులు ఒక్కటే అయ్యేటట్టు చూస్కుంటే మిగతా రోజులు ఇంట్ల ఒకళ్లైనా ఉంటరు.

కరీంనగర్, భూపాలపల్లి, నర్సంపేట దిక్కు ఉద్యోగం అయితే?

కరీంనగర్‌కి హుజూరాబాద్ మీదికెళ్లి బస్సులు ఎక్కువనే, సుమారు 70 కిలోమీటర్లు, హన్మకొండ బస్టాండ్ దగ్గర గానీ కేయూ క్రాస్ దిక్కు గానీ ఉండండి. నర్సంపేట, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు దిక్కు అయితే కాశిబుగ్గ, లేబర్ కాలనీ, మీకు ఎంజీఎం దగ్గర, ఆయనకి రోడ్డు తిన్నగ. ములుగు, పరకాల బండి మీద గూడ పోయేటోళ్లు ఉన్నరు, నాకైతే నచ్చదు, మాపటికి ఇసుక లారీలు.

భూపాలపల్లి కష్టం. ఆయనది సింగరేణి అయితే ఆయనకి షిఫ్టులు, మీకు షిఫ్టులు, క్వార్టర్ అక్కడ ఉంటది, రోజూ 70 కిలోమీటర్లు నైట్ షిఫ్టు దిగి బండి నడుపుడు అంటే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టు. క్వార్టర్ ఇడిచిపెట్టకండి, మీరు హాస్టల్ల గానీ హన్మకొండల చిన్న పోర్షన్ల గానీ ఉండండి, ఎవరికి ఆఫ్ వస్తే వాళ్లు పోవాలె.

ములుగు రోడ్డు మీద రోజూ తిరిగేటోళ్లు ఒకటి యాదికుంచుకోండి, రెండేండ్లకొకసారి మేడారం జాతర. 2024ల ఫిబ్రవరిల, 2026ల జనవరి ఆఖర్ల అయ్యింది, ఆ వారం బస్సులన్నీ జాతరకే పెడతరు, రోడ్డు వన్‌వే చేస్తరు. ఆయనకి లీవు ముందే పెట్టించండి.

ఆడోళ్లకి బస్సు ఫ్రీ కదా, దూరమైతే ఏమైతది?

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల జీరో టికెట్, నిజమే, పైసలు మిగులుతయి. డీలక్స్, సూపర్ లగ్జరీకి లేదు. ఆధార్‌ల తెలంగాణ అడ్రస్ ఉండాలె, ఆంధ్ర దిక్కు నుంచి కోడలుగ వచ్చినోళ్లు ఉంటే ముందు అది మార్పించుకోండి, కండక్టర్ తోటి లొల్లి ఎందుకు.

కానీ ఫ్రీ అయినంక పొద్దుగాల బస్సుల నిలబడ జాగ ఉండదు. ఆరు గంటలు వార్డుల నిలబడే మనిషి పోతా గంట, వస్తా గంట బస్సుల గూడ నిలబడితే నెల తిరిగేసరికి మోకాళ్లు పట్టుకుంటయి. పైసలు ఫ్రీ, టైము ఫ్రీ కాదు. ఊర్ల తిరిగేటందుకు వాడుకోండి, దూరం ఇల్లు తీస్కునేటందుకు దాన్ని సాకు చేసుకోకండి.

దగ్గర ఇంటికి కిరాయి ఎక్కువ చెప్తున్నరు. ఎట్ల లెక్క చూడాలె?

దూరం ఇంటికి కిరాయి తక్కువ అని మురిసిపోయే ముందు పెట్రోల్ లెక్క వేయండి. పోను రాను 40 కిలోమీటర్లు అనుకోండి, నెలకి 25 రోజులు, వెయ్యి కిలోమీటర్లు. బండి లీటరుకి 50 ఇచ్చినా 20 లీటర్లు, లీటరు 107 అనుకుంటే 2,140 రూపాయలు. సర్వీసింగు, టైర్లు, వాన పడ్డ రోజు ఆటో కలిపితే మూడు వేల దాక పోతది. దగ్గర ఇంటికి రెండు వేలు ఎక్కువైనా మీకే లాభం.

ఇంకో లెక్క కరెంటు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడేటోళ్లకి 2024 నుంచి జీరో బిల్లు వస్తున్నది, తెల్ల రేషన్ కార్డు ఉండాలె, కిరాయిదార్లకి గూడ వర్తిస్తది. అయితే మీ పోర్షన్‌కి వేరే మీటర్ ఉండాలె. కొన్ని ఇండ్లల్ల ఒక్కటే మెయిన్ మీటరు, కిరాయిదార్లకి సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కింత అని ఓనరే వసూలు చేస్తడు, అట్లుంటే మీకు జీరో బిల్లు ముచ్చటే లేదు. టు-లెట్ బోర్డు చూసి లోపలికి పోయినప్పుడు వంటిల్లు చూసే ముందు మెట్ల కింద మీటర్ల బోర్డు చూడండి, ఎన్ని పోర్షన్లు ఉన్నయో అన్ని మీటర్లు ఉన్నయా లెక్కపెట్టండి.

వానాకాలంల ఏ ఏరియాలు మునుగుతయి?

ఇది సిగ్గుపడకుంట అడగాలె, ఓనర్‌ని కాదు, ఎదురింటోళ్లని. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల హన్మకొండ, వరంగల్ రెండూ మునిగినయి. బొందివాగు పొంగి హంటర్ రోడ్డు దిక్కు ఎన్టీఆర్ నగర్, సాయినగర్, సంతోషిమాత కాలనీ నీళ్లల్లనే ఉన్నయి, నయీంనగర్ నాలా పక్కకి ఉన్నోళ్లు పడవల మీద బయటికి వచ్చిన్రు. 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తుపానుకి మళ్ల అదే కథ. నయీంనగర్ బ్రిడ్జి కొత్తగ కట్టిన్రు, నాలా వెడల్పు చేసిన్రు, ఎంత ఫరక్ పడ్డదో వాడకట్టోళ్లే చెప్తరు.

గోడలు చూడండి, సున్నం కొత్తగ వేసినా మోకాలెత్తుల గీత తేమతోటి మళ్ల బయటపడతది. ఈ ఏరియాలల్ల ఇల్లు మంచిగ దొరికితే తీస్కోవద్దని కాదు, ఫస్ట్ ఫ్లోర్ తీస్కోండి, బండి ఎత్తు మీద పెట్టే జాగ చూస్కోండి. సర్టిఫికెట్లు, ప్రాక్టికల్ రికార్డులు, కేస్ స్టడీ బుక్కులు అటక మీద పెట్టండి. రికార్డు తడిస్తే మళ్ల మొత్తం రాసుడే, బొమ్మలతోటి సహా.

ఇంట్ల ప్రత్యేకంగ ఏం చూడాలె?

నైట్ డ్యూటీ చేసే మనిషి పగలు పండుకోవాలె, అందరూ మరిచిపోయేది ఇదే. పక్కకి ఫంక్షన్ హాల్ ఉందా చూడండి, హంటర్ రోడ్డు పొడుగునా అవే, మాఘమాసం వచ్చిందంటే డీజే, బరాత్, పొద్దుగాల బ్యాండు. గుడి మైకు, మసీదు మైకు, టైల్స్ కోసే షాపు, కింద కిరాణం ఉంటే షట్టర్ చప్పుడు. టాప్ ఫ్లోర్ రేకుల ఇల్లు అయితే ఏప్రిల్, మే నెలలల్ల పగటిపూట నిద్ర అన్న మాటే ఉండదు, స్లాబు అయినా పైన ఇంకో అంతస్తు ఉన్నదే తీస్కోండి. పడకగది కిటికీ తూర్పుకో పడమరకో అని వాస్తు చూస్తరు కదా, నేను చీకటి చేస్తే చీకటి అయితదా అని చూస్త.

నీళ్లు. నల్లా ఏ టైముకి వస్తది, మీరిద్దరూ డ్యూటీల ఉన్నప్పుడు వస్తే పట్టేది ఎవరు? బోరు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే ఈ బాధ లేదు.

కోతులు. బయటి ఊరోళ్లు నవ్వుతరు గానీ హన్మకొండల ఉన్నోళ్లకి తెలుసు. మిద్దె మీద యూనిఫాం ఆరేసి క్లిప్పులు పెట్టి కిందికి దిగుతరు, పది నిమిషాలల్ల తెల్ల కోటు పక్కింటి వాటర్ ట్యాంకు మీద ఉంటది, ఒక చెయ్యి చినిగి. రేపు పొద్దుగాల యూనిఫాం లేకుంటే వార్డులకి రానియ్యరు. గ్రిల్ వేసిన బాల్కనీ గానీ జాలీ ఉన్న వరండా గానీ ఉన్న ఇల్లు చూడండి, ఇది నేను కిరాయి కంటే ముందు అడుగుత.

నైట్ డ్యూటీ అంటే ఓనర్లు మొఖం అదోలా పెడుతున్నరు. ఏం చేయాలె?

పెడతరు. ఒకాయన మాకు గేటు తొమ్మిదిన్నరకి తాళం వేస్తమమ్మా, ఆడపిల్ల రాత్రి పోయి పొద్దున వచ్చుడు మా ఇంటికి సెట్ కాదు అని నా మొఖం మీదనే అన్నడు. వాదన పెట్టుకోలేదు, అట్లాంటి ఇంట్ల చేరితే రోజూ సంజాయిషీ చెప్పుకోవాలె, వేరే ఇల్లు చూస్కున్నం.

ముందే చెప్పండి, దాచి చేరకండి. ఆలుమగలు ఇద్దరూ కలిసి పోయి, నర్సింగ్ చదువుతున్నది అంకుల్, డ్యూటీలు ఇట్లుంటయి అని చెప్పండి, గేటు తాళం ఒకటి మీకు ఇయ్యమనండి. చాలా మంది ఒప్పుకుంటరు, నర్సమ్మ ఇంట్ల ఉంటే బీపీ చూస్తది, ఇంజక్షన్ వేస్తది అని సంబరపడేటోళ్లే ఎక్కువ. డాక్టర్ రాసింది లేకుంట ఇంజక్షన్ వెయ్యకండి, ఆంటీ ఎంత బతిమాలినా సరే. అగ్రిమెంటు 11 నెలలకి రాస్తరు, యేడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలె కాబట్టి అట్ల రాస్తరు, అండ్ల ఖాళీ చేసే ముందు ఎన్ని రోజుల నోటీసు అనేది రాయించుకోండి.

హాస్టల్ల ఉంటే కాదా?

కొన్ని కాలేజీలు హాస్టల్ తప్పనిసరి అంటయి, పెళ్లయినోళ్లకి గూడ. ఫీజు కట్టకముందే అడగండి. తప్పనిసరి కాకుంటే ఫస్టియర్ల ఒక సెమిస్టర్ హాస్టల్ల ఉండి, పోస్టింగులు ఏడ పడుతున్నయో చూసి తర్వాత ఇల్లు తీస్కునుడు మంచి పద్ధతే. పెళ్లయిన కొత్తల అయితే ఇద్దరి మనసుల మాట వేరు, అది నేను చెప్పేది కాదు.

అత్తగారి ఊరు వర్ధన్నపేట దగ్గర, అక్కడి నుంచే పోయిరమ్మంటున్నరు. కిరాయి దండగ అంటరు.

బిడ్డా, ఇది దూరం ప్రశ్న కాదు. ఊరి నుంచి వస్తే కిరాయి మిగులుతది, అన్నం టైముకి దొరుకుతది, నిజం. కానీ పొద్దుగాల పాలు పిండి వాకిలి ఊడ్చి రావాలె అంటే ఏడింటి బస్సు దొరకదు. వాళ్లతోటి గట్టిగ మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. 80 శాతం, 100 శాతం హాజరు కాగితం కాలేజీ నుంచి తెచ్చి మామయ్య చేతిల పెట్టమనండి, ఫీజు కట్టినంక హాజరు లేక పరీక్ష ఆగితే ఎంత పోతదో లెక్క చెప్పమనండి, పైసల లెక్క అయితే మామయ్యలకి తొందరగ అర్థమైతది. పండుగలకి, బతుకమ్మకి, ఆదివారాలు ఊరికి పోండి. మీ ఆయన మాట్లాడను అంటే, ఇల్లు ఏడ అనేది తర్వాత, ముందు ఆ ముచ్చట తెంపుకోండి.

కోర్సు మధ్యల పిల్లలు పుడితే?

ప్రాక్టికల్ గంటలు ఎట్లైనా నింపాల్సిందే కాబట్టి ప్రిన్సిపాల్ మేడంకి తొందరగ చెప్పండి, పోయిన పోస్టింగులు ఎప్పుడు కట్టాలనేది రాతపూర్వకంగ తీస్కోండి. ఇల్లు అప్పుడు దవాఖాన కంటే ముందు అమ్మగారింటికి దగ్గర ఉండాలె. అమ్మే వచ్చి మీ దగ్గర ఉంటదంటే డబుల్ బెడ్రూం, గ్రౌండ్ లేదా ఫస్ట్ ఫ్లోర్, ఎక్కువ మెట్లు ఎక్కలేదు కదా ఆమె.

ఇల్లు ఎప్పుడు మారితే మంచిది?

సెమిస్టర్ పరీక్షలు అయినంక వచ్చే సెలవులల్ల. పోస్టింగ్ లిస్టు చూడకుండ అడ్వాన్సు ఇయ్యకండి. జూన్‌ల కాలేజీలు, కోచింగులు తెరిచే టైముకి హన్మకొండల టు-లెట్ బోర్డులు ఖాళీ అయితయి, ఏప్రిల్, మేల తిరిగితే బేరం ఆడేటందుకు జాగ ఉంటది. ఆషాఢంల, శూన్యమాసంల ఎవరూ ఇల్లు మారరు, మీకు పట్టింపు లేకుంటే అప్పుడే ఓనర్లు దిగొస్తరు, టాటా ఏస్ వాళ్లు గూడ తక్కువకి వస్తరు. తీస్కునే ముందు ఒకసారి పొద్దుగాల ఏడింటికి, ఒకసారి రాత్రి ఎనిమిదిన్నరకి ఆ ఇంటి నుంచి దవాఖానకి ఇద్దరూ కలిసి పోయి చూడండి, ఆదివారం మధ్యాహ్నం చూస్తే ఏ ఇల్లైనా దగ్గరనే అనిపిస్తది.